రాయి పోయినా హద్దు పోదు

హైదరాబాద్ విద్యానగర్‌లో పాత ఇల్లు కూలి అపార్ట్‌మెంట్ లేవడం ఇప్పుడు వింతేమీ కాదు. ఉస్మానియా యూనివర్సిటీకి దగ్గరగా ఉంటుందని జాగా కొనుక్కుని, నాలుగు గదులు వేసుకుని, పెరట్లో కొబ్బరిచెట్టు పెంచుకున్న తరం ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంటుకు పోతున్నాయి. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీల్లోనూ ఇదే వరస. జేసీబీ వస్తుంది, ఇల్లు నేలమట్టం అవుతుంది, ఫుటింగులకు గోతులు తవ్వుతారు. పిల్లర్లు లేచి కొత్త ప్రహరీకి ముగ్గు పోసే రోజున పక్కింటివాళ్లకు గుర్తొస్తుంది: మూలన ఉండాల్సిన హద్దురాయి, ఆ కడీ, ఏది?

మేస్త్రీ చూడలేదంటాడు. జేసీబీ డ్రైవర్ ఎప్పుడో వేరే సైటుకు వెళ్లిపోయాడు. బిల్డర్ తన జాగాలోనే కడుతున్నానంటాడు. ఆయన అబద్ధమాడుతూ ఉండొచ్చు, నిజంగానే అలా నమ్ముతూనూ ఉండొచ్చు. అరవై అడుగుల పొడవున ఆరు అంగుళాలు అటో ఇటో జరిగితే పోయేది ముప్పై చదరపు అడుగులు, అంటే మూడు గజాల పైచిలుకు. గజం లెక్కన ధర పలికే ఈ ప్రాంతంలో ఇరుగుపొరుగు మాటలు మానేయడానికి అది చాలు. ఊళ్లలో గెట్టు పంచాయితీ అని దేన్నంటారో, అదే ఇక్కడ ప్రహరీ పంచాయితీ అవుతుంది.

ఈ గొడవ మొత్తం ఒక నమ్మకం మీద నడుస్తుంది: హద్దు రాయిలో ఉంది, రాయి పోతే హద్దు పోయినట్టే అని. కొలతల శాస్త్రం ఆ మాట ఒప్పుకోదు. హద్దు అంటే చుట్టూ ఉన్న చాలా గుర్తులకూ, కాగితాలకూ, ఏళ్ల తరబడి సాగిన అనుభవానికీ మధ్య ఉన్న సంబంధం. రాయి ఆ సంబంధానికి ఒక సాక్షి. ఒక సాక్షి పోతే మిగతావాళ్లను పిలిచి విచారించవచ్చు. అందరూ పోయాకే చిక్కు.

పాతిపెట్టిన సాక్ష్యం

ఈ సంగతి మన పాత ధర్మశాస్త్రాలకు బాగా తెలుసు. వాటిలో వ్యవహారాలను పద్దెనిమిదిగా విభజించారు, అందులో సీమావివాదం ఒకటి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం రెండు రకాల గుర్తులు చెబుతుంది. పైకి కనిపించేవి మర్రి, రావి, తాటి వంటి చెట్లు, చెరువులు, బావులు. కనిపించనివి నేలలో పాతిపెట్టేవి: రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, కుండ పెంకులు, ఇటుక ముక్కలు, బొగ్గులు. త్వరగా మట్టిలో కలిసిపోని వస్తువులనే ఎంచుకోమన్నారు. పైనున్న గుర్తును ఎవరైనా పీకేస్తే, కింద తవ్వి చూసి నిజం తేల్చవచ్చు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు కాబట్టి, ఈ న్యాయచర్చ తెలుగువాళ్లకు ఏడువందల ఏళ్లకు పైబడిన పరిచయం.

జర్మనీలోని బవేరియాలో ఊరివాళ్లు ఎన్నుకున్న హద్దు పెద్దలు సరిగ్గా ఇలాంటి పనే చేసేవారు. హద్దురాయి కింద కాల్చిన మట్టి బిళ్లల్లాంటివి రహస్యమైన అమరికలో పెట్టేవారు. ఆ అమరిక ఏమిటో వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రాయిని దొంగతనంగా జరిపినవాడు దాని కిందిదాన్ని అదే పద్ధతిలో జరపలేడు.

నేటి సర్వేయరుకు కూడా నేల లోపలి సాక్ష్యం పనికొస్తుంది. రాయి పాతాలంటే గుంట తీయాలి, తర్వాత పూడ్చాలి. పూడ్చిన మట్టి చుట్టూ ఉన్న గట్టి మొరంలా ఎప్పటికీ కుదురుకోదు. రంగు, బిగువు వేరుగా ఉంటాయి. రాయిని పీకినా, గుంట ఆనవాలు అడుగున మిగిలే అవకాశం ఉంది. అందుకే రాయి కనిపించడం లేదని తెలిసిన వెంటనే ఆ మూలను తవ్వి వెతకడం పెద్ద పొరపాటు. మెల్లగా, పొరలు పొరలుగా, ఇద్దరి ఎదుట తీయాల్సిన చోటది.

గొయ్యి ఒకచోట, కదలిక మరోచోట

జేసీబీ తగలకుండా కూడా రాయి కదలగలదు. హైదరాబాద్ నేల అడుగున దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ ఉంది. దాని పైపొర శిథిలమై మొరంగా మారింది. ఎండిన మొరంలో గొయ్యి తవ్వితే పక్కలు నిట్టనిలువుగా నిలబడతాయి. మట్టి రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి తేమ వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకోవడమే కారణం. వాన పడి ఆ ఖాళీలన్నీ నీటితో నిండగానే ఆ పట్టు పోతుంది. నిన్నటిదాకా గోడలా ఉన్న మట్టి గోతిలోకి జారుతుంది.

ఎంత దూరం వరకు జారుతుంది? ఇంజనీర్లకు దీనికి ఒక లెక్క ఉంది. మట్టి రేణువుల అంతర్గత ఘర్షణ కోణం 30 డిగ్రీలు అనుకుంటే, పట్టు కోల్పోయిన మట్టి గోతి అడుగు నుంచి 60 డిగ్రీల వాలున తెగుతుంది. ఆరడుగుల గొయ్యి అయితే అంచు నుంచి మూడున్నర అడుగుల దాకా నేల ప్రమాదంలో పడ్డట్టే. పదడుగుల సెల్లార్ అయితే దాదాపు ఆరడుగులు. హద్దు నుంచి రెండడుగులు వదిలి తవ్వాను కాబట్టి రాయికి నేను బాధ్యుణ్ని కాదు అనే వాదన ఇక్కడ నిలవదు.

పడిపోయిన రాయి కంటే వాలిన రాయి ఎక్కువ మోసం చేస్తుంది. రెండడుగుల కడీ, అడుగుభాగం కదలకుండా, పది డిగ్రీలు ఒరిగిందనుకుందాం. దాని తల నాలుగు అంగుళాలకు పైగా పక్కకు జరుగుతుంది. పైనుంచి టేపు పట్టినవాళ్లు రాయి ఉంది కదా అనుకుంటారు. అందుకే అనుభవమున్న సర్వేయర్ ముందు రాయి నిటారుగా ఉందో లేదో చూస్తాడు, వాలితే మొదలు దగ్గర కొలుస్తాడు.

కాగితాల్లో ఏముంది

సేల్ డీడ్ తీసి చూస్తే షెడ్యూల్‌లో నాలుగు హద్దులు ఉంటాయి. ఉత్తరం ఫలానావారి ఇల్లు, దక్షిణం ఫలానా నంబరు ఇల్లు, తూర్పు రోడ్డు, పడమర ఇంకొకరి జాగా. పక్కింటివారి దస్తావేజు తీస్తే వారి దక్షిణ హద్దు మీ ఇల్లు అని ఉంటుంది. మీ హద్దు వాళ్లు, వాళ్ల హద్దు మీరు. ఇద్దరి మధ్య గీత ఎక్కడుందో రెండు కాగితాలూ చెప్పవు. విద్యానగర్‌లో 1-9తో మొదలయ్యే ఇంటి నంబర్లు పన్ను వసూలుకు, చిరునామాకు పనికొస్తాయి గానీ, భూమి కొలతకు కాదు.

పాత పటాలకూ ఒక పరిమితి ఉంది. నిజాం రాజ్యంలో రెవెన్యూ సర్వే పొలాలను కొలిచి, టిప్పన్‌లనే కొలతల పటాలు గీసింది. వాడిన గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. 33 అడుగుల చదరమే మన గుంట, 121 గజాలు. అంటే ఆ గొలుసులో ఒక అణా రెండడుగులకు కాస్త ఎక్కువ. ఎకరాలు కొలవడానికి అది బ్రహ్మాండంగా సరిపోయింది. అర అడుగు తగాదాను ఆ టిప్పన్‌తో తేల్చాలంటే మాత్రం, పటానికి చేతకాని పని దానికి అప్పజెప్పినట్టే.

నగరాన్ని దగ్గరగా చూసి గీసిన పటాలు తర్వాత వచ్చాయి. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, నిజాం ప్రభుత్వంలో పనిచేసిన లియొనార్డ్ మన్ 1912 నుంచి 1915 వరకు హైదరాబాద్‌కు సవివరమైన మున్సిపల్ పటాలు తయారు చేయించాడు. ఇళ్లు, గోడలు, బావులు కూడా అందులో కనిపిస్తాయి. ఆ తర్వాతి టౌన్ సర్వేలో వార్డులు, బ్లాకులు, టీఎస్ నంబర్లు వచ్చాయి. టౌన్ సర్వే భూముల రిజిస్టరు, అంటే టీఎస్‌ఎల్‌ఆర్, దాని పటం ఇవాళ్టికీ ఈ ప్రాంతంలో సర్వే చేసేవారికి మొదటి ఆధారాలు. లేఅవుట్ పటం దొరికితే అది ఇంకా విలువైనది. లింకు డాక్యుమెంట్లలో ఎక్కడో ఒకదానికి ప్లాన్ జతపరిచి ఉండే అవకాశం ఉంది. మీ దగ్గర లేకపోతే పక్క ప్లాట్లవారి దగ్గర ఉండొచ్చు.

కాగితాల్లో విస్తీర్ణం ఒకటి చెబుతూ, హద్దులు ఇంకొకటి చెబితే? సాధారణంగా హద్దులదే పైచేయి అని మన కోర్టులు చెబుతూ వచ్చాయి. దీనికి తరచుగా ఉదహరించే తీర్పు 1948లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చింది, ఆ కేసు వచ్చింది పాలస్తీనా నుంచి. తర్కం సూటిగానే ఉంది. గజాల లెక్క కట్టింది కాగితం మీద, గోడో రోడ్డో చూసింది కంటితో. తప్పు దొర్లే అవకాశం లెక్కలోనే ఎక్కువ. కాబట్టి మా డీడులో 267 గజాలు అని రాసుంది, అంత వచ్చేదాకా జరుగుతాం అనడం కుదరదు.

కనిపించని మూల, పోయిన మూల

అమెరికా ప్రభుత్వ భూముల సర్వే పద్ధతి ఒక ఉపయోగకరమైన తేడా చూపిస్తుంది. గుర్తు చెరిగిపోయినా, మిగతా సాక్ష్యంతో స్థానం నిర్ధారించగలిగితే అది కనిపించని మూల మాత్రమే. ఏ సాక్ష్యమూ లేక, దూరంగా ఉన్న ఇతర మూలల నుంచి లెక్కగట్టాల్సి వస్తే అది నిజంగా పోయిన మూల. మొదటి దశ దాటకుండా రెండోదానికి వెళ్లకూడదు. లెక్క ఎప్పుడూ సాక్ష్యం తర్వాతే.

సాక్ష్యం అంటే ఏమిటి? పాత ప్రహరీ పునాది, ఇప్పటికీ నిలబడి ఉన్న గేటు స్తంభం, వెనకింటివాళ్ల రాయి, పాత ఫొటోలో నేపథ్యంగా కనిపించే గోడ, బ్యాంకు లోన్ కోసం అప్పట్లో గీయించిన ప్లాన్, మున్సిపల్ అనుమతి పటం. కూలిన ఇంటి పాత ఉపగ్రహ చిత్రాలు కూడా గోడలు ఎటు సాగాయో చెప్పగలవు, అంగుళాల లెక్క మాత్రం వాటి నుంచి ఆశించకూడదు.

పాత కొలతలు దొరికితే జ్యామితి పని మొదలవుతుంది. పోయిన రాయి గేటు స్తంభం నుంచి ఇంత దూరం, బావి గట్టు నుంచి ఇంత దూరం అని తెలిస్తే, రెండు కేంద్రాల నుంచి రెండు చాపాలు గీస్తే అవి కోసుకునే చోటే రాయి స్థానం. అయితే ఆ రెండు చాపాలు దాదాపు లంబంగా కోసుకోవాలి. పదిహేను డిగ్రీల ఇరుకు కోణంలో కోసుకుంటే, కొలతలో ఒక అంగుళం తప్పు రాయి స్థానంలో నాలుగు అంగుళాలవుతుంది. మూడో గుర్తు నుంచి కూడా కొలత ఉంటే తప్పు బయటపడుతుంది. రెండు కొలతలు ఎప్పుడూ ఏదో ఒక సమాధానం ఇస్తాయి. ఆ సమాధానం సరైనదో కాదో చెప్పేది మూడోది.

సాక్ష్యం ఏదీ దొరకనప్పుడు దామాషా లెక్క వస్తుంది. రెండు అడ్డరోడ్ల మధ్య నాలుగు ప్లాట్లు, ఒక్కోటి అరవై అడుగులు, పటంలో మొత్తం 240. ఇవాళ కొలిస్తే రెండు చివరి రాళ్ల మధ్య 239 అడుగుల నాలుగు అంగుళాలే వచ్చింది. ఎనిమిది అంగుళాల లోటును చివరి ఇంటివారి మీద రుద్దడం అన్యాయం. ఆ లోటు మొదటి కొలతలోనే అన్ని ప్లాట్లలోనూ పరుచుకుని ఉంటుంది కాబట్టి తలా రెండు అంగుళాలు తగ్గుతుంది. మధ్యలో ఎక్కడైనా అసలు రాయి దొరికితే, లోటును ఆ రాయికి ఇటూ అటూ విడివిడిగా పంచాలి.

ఈ కొలతకు రోడ్డును ఆధారంగా తీసుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. చిక్కడపల్లి, నారాయణగూడ మెయిన్ రోడ్డు మీదుగా మెట్రో 2020 ఫిబ్రవరి 7న నడక మొదలుపెట్టింది. దానికి ముందు రోడ్డు వెడల్పులో ముందుభాగం ఇచ్చేసిన ఆస్తులున్నాయి. అలాంటి చోట నేటి రోడ్డు అంచు నుంచి పాత డీడు కొలత పెడితే, వెనకింటివారి జాగాలోకి పోతాం. అశోక్‌నగర్ పక్కగా పోయే హుస్సేన్‌సాగర్ నాలా ఒడ్డుకూ ఇదే వర్తిస్తుంది. పాత దస్తావేజులో నాలా అని రాసిన గీత, ఇవాళ్టి కాంక్రీటు గోడ ఒకటే అని అనుకోకూడదు.

టేపులో దాగిన అంగుళాలు

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మహా త్రికోణమితి సర్వే మొదలుపెట్టినప్పుడు, ఉక్కు గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, ఎండ తగలకుండా గుడారం వేసి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచాడు. ఉక్కు వేడికి సాగుతుంది మరి. మన గల్లీలోనూ ఆ సూత్రం మారలేదు. 20 డిగ్రీల దగ్గర సరిచూసిన ఉక్కు టేపును మే నెల మధ్యాహ్నం యాభై డిగ్రీల కాంక్రీటు మీద పరిస్తే, అరవై అడుగులకు పావు అంగుళం సాగుతుంది. గుడ్డ టేపును గట్టిగా లాగినవాడికి ఒక కొలత, వదులుగా పట్టినవాడికి ఇంకొక కొలత.

వాలు దీనికంటే పెద్ద దొంగ. ప్లాటు కొలతలు ఎప్పుడూ సమతలంలో లెక్కించాలి. అరవై అడుగుల పొడవులో నేల మూడడుగులు వాలితే, నేలకు ఆనించి పట్టిన టేపు దాదాపు ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద తేడా గోడలో ఉంది. తొమ్మిది అంగుళాల గోడకు హద్దు ఎక్కడ? లోపలి ముఖమా, బయటి ముఖమా, నడిమధ్యనా? గోడ ఇద్దరిదీ అయితే మధ్యగీత, ఒకరు తమ జాగాలోనే కట్టుకుంటే బయటి ముఖం. ఎవరు కట్టారో, ఎవరి డబ్బుతో కట్టారో తెలియక కొలిస్తే నాలుగున్నర అంగుళాలు కొలవకముందే పోతాయి. ఆక్రమణగా కనిపించే చాలా తగాదాలు విడదీసి చూస్తే గోడ మందం, రాయి వాలు, టేపు వాలు కలిసి తయారైనవే. నిజమైన ఆక్రమణ ఈ మూడూ తీసేశాక కూడా మిగులుతుంది.

ఫోనులోని చుక్క

ఫోను తీసి మ్యాపులో చుక్క చూపించి ఇదే నా మూల అనేవాళ్లూ ఉన్నారు. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను జీపీఎస్ కచ్చితత్వం సుమారు ఐదు మీటర్లు. ఐదంతస్తుల భవనాల మధ్య గల్లీలో ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి కాబట్టి తప్పు ఇంకా పెరుగుతుంది. సర్వేయర్లు వాడే డీజీపీఎస్ రకం పరికరాలు మంచి పరిస్థితుల్లో సెంటీమీటర్ల దాకా చెబుతాయి. వాటికీ ఆకాశం కనిపించాలి. అందుకే డాబా మీదో, వెడల్పు రోడ్డు మీదో రెండు మూడు బిందువులు డీజీపీఎస్‌తో స్థిరపరిచి, అక్కడి నుంచి గల్లీలోకి టోటల్ స్టేషన్‌తో కోణాలు, దూరాలు తీసుకుంటారు.

అంత కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు దొరికినా ఒక చిత్రమైన సమస్య ఉంది. విద్యానగర్ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హబ్సిగూడలోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ప్రాంగణంలో ప్రపంచ ఉపగ్రహ పరిశీలన వలయానికి చెందిన ఒక స్థిర కేంద్రం ఉంది. అక్కడి కొలతల ప్రకారం మన నేల భారత ఫలకంతోపాటు ఏడాదికి సుమారు ఐదు సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. ఇరవై ఏళ్లలో ఒక మీటరు. ఏ తేదీన, ఏ ప్రమాణ చట్రంలో కొలిచారో రాయని అంకెలను ఇరవై ఏళ్ల తర్వాత నేల మీద పెడితే రాయి పక్కింటివారి వంటగదిలో తేలవచ్చు. అదృష్టవశాత్తూ మీరూ, మీ పొరుగువారూ, మధ్యలో రాయీ కలిసే ప్రయాణిస్తున్నారు. పొరుగు గుర్తుల నుంచి తీసుకున్న దూరాలు చెక్కుచెదరవు.

నేల కలిసి కదలనప్పుడు ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది. 2010-11 భూకంపాల్లో క్రైస్ట్‌చర్చ్ ప్రాంతంలో ప్లాట్లు వేర్వేరుగా జరిగాయి. చివరికి 2016లో చట్టం చేసి, నేలతోపాటు హద్దులు కూడా జరిగినట్టే భావించాలని తేల్చారు. అంకెల కంటే నేల మీది వాస్తవానికే ఆ దేశం ఓటు వేసింది.

ఇప్పుడేం చేయాలి

పక్కన కూల్చివేత మొదలవుతుందని తెలిసిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి మూలనూ మూడు కదలని గుర్తుల నుంచి కొలిచి రాసుకోవాలి. మీ ఇంటి పునాది మూలలు అందుకు బాగా పనికొస్తాయి, ఎందుకంటే కూలేది మీ ఇల్లు కాదు. టేపు కనిపించేలా ఫొటోలు తీసి, తేదీ వేసి, ఒక నకలు పక్కింటివారికి, ఇంకొకటి బిల్డర్‌కు ఇచ్చి సంతకం తీసుకోవాలి. రాయికి చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి రంగు పూసినా జేసీబీ డ్రైవర్ చూసి తప్పిస్తాడు.

రాయి అప్పటికే పోతే, ముందు కొత్త ప్రహరీ పనిని కొద్ది రోజులు ఆపమని రాతపూర్వకంగా అడగాలి. గోడ లేచాక ఖర్చు, పట్టుదల రెండూ పెరుగుతాయి. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే సర్వేయరును పెట్టుకోవడం మేలు. ఇద్దరు సర్వేయర్లు వస్తే తరచుగా రెండు గీతలు వస్తాయి. అధికారిక సర్వే కావాలంటే మీసేవ ద్వారా హద్దుల నిర్ధారణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ప్రభుత్వ సర్వేయర్ టీఎస్ నంబరు అంచులు చూపిస్తాడు. ఆ నంబరు లోపల విడిపోయిన ప్లాట్లకు లేఅవుట్ పటం మీరే చూపించాలి.

మాట కుదరకపోతే కోర్టు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించి, సర్వేయర్ సాయంతో కొలిపించమని అడగవచ్చు. హద్దు తగాదాల్లో ఇలా స్థానిక పరిశీలన చేయించడమే సరైన దారి అని 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ అధికారి పాతించిన గుర్తును కావాలని చెరిపినా జరిపినా నేరమే, భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రైవేటు లేఅవుట్ రాయికి ఈ నిబంధన వర్తించకపోవచ్చు. చూద్దాంలే అని వదిలేయడం మాత్రం అన్నిటికంటే ఖరీదైన దారి. ఎదుటివారు పన్నెండేళ్లు బహిరంగంగా, తమ హక్కుగా అనుభవిస్తే తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

రాళ్ల అవసరం ఇక ఉండదు, అంతా డిజిటల్ అనే మాట ఇప్పుడు వినిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వే డ్రోన్లు, ఉపగ్రహ కేంద్రాలు వాడింది, అయినా చివరికి పొలాల్లో గ్రానైట్ రాళ్లే పాతింది. 2025 ఫిబ్రవరి 18న కేంద్రం దేశంలోని 152 పట్టణాల్లో నక్షా పేరుతో పట్టణ భూముల సర్వే ప్రారంభించింది. పరికరం సెంటీమీటరు చెప్పగలదు. ఆ సెంటీమీటరు ఏ గోడకు, ఏ ముఖానికి అన్నది చెప్పాల్సింది ఆ ఇంటివాళ్లే. తప్పు గోడను అత్యంత కచ్చితంగా కొలిస్తే వచ్చేది కచ్చితమైన తప్పు. అందుకే రేపు ఏ సర్వే బృందం మన గల్లీకి వచ్చినా, వాళ్లు రాకముందే ఇరుగుపొరుగు కలిసి మూలలు చూసుకుని, మూడేసి కొలతలతో ఒక కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టి దస్తావేజుకు జతచేసుకోవాలి. దానికి ఒక టేపు, ఒక ఆదివారం చాలు.